పార్వతీశం గారి సినిమా ఏమైంది?

మనవాళ్ళకి నవ్వడం వచ్చు, నవ్వించడమూ వచ్చు. నవ్వించినదాన్ని దాచుకోవడమే రాదు. దేవుడి సినిమా అయితే పటం కట్టి గోడకి తగిలిస్తాం. విషాద కథ అయితే తరతరాలు తలుచుకుని కళ్ళు తుడుచుకుంటాం. హాస్యం మాత్రం మనకి పెళ్ళి భోజనంలో వడియం లాంటిది. కరకరలాడినంతసేపే దాని గొప్ప. ఆకు ఎత్తేశాక వడియాన్ని తలుచుకునేవాడెవడు?

అలా ఆకుతోబాటు ఎత్తేసిన ఒక పాత సినిమా గురించీ, అలాంటివాటి కోసం ఊళ్ళు పట్టుకు తిరిగే కొందరు పిచ్చివాళ్ళ గురించీ నాలుగు మాటలు చెబుదామని ఈ వ్యాసం. ఆ పిచ్చివాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి వాళ్ళని ఆ మాట అనడానికి నాకు హక్కుంది.

ఆ సినిమా పేరు ‘బారిస్టర్ పార్వతీశం’. 1940 నాటిది. ఈ పేరు చెప్పగానే మన అధ్యాపకులందరూ “ఓ, మొక్కపాటి వారి నవల!” అంటారు. నిజమే. మొక్కపాటి నరసింహశాస్త్రి గారు 1924లో మొదటి భాగం ప్రచురించిన ఆ నవల తెలియని తెలుగు పాఠకుడు అరుదు. మొగల్తూరు కుర్రవాడు బారిస్టరు చదువుకోసం ఇంగ్లండు బయల్దేరడం, మద్రాసులో దొరల టోపీ అనుకుని దొరసానుల టోపీ కొనుక్కోవడం, ఓడెక్కి కొలంబో, మార్సేల్స్, పారిస్, లండన్ మీదుగా ఎడింబరో చేరడం మనం చదువుకున్నాం, చదువుకుంటూ పగలబడి నవ్వుకున్నాం. అది తెరమీదికి కూడా వచ్చిందని చెబితే మాత్రం “అలాగా?” అంటారు. ఆ “అలాగా?” దగ్గరే మొదలవుతుంది ఈ సేకరణ పిచ్చి అంతా.

సినిమా పుట్టుక

‘బారిస్టర్ పార్వతీశం’ దర్శకుడు రఘుపతి ప్రకాశ్. ఈయన రఘుపతి వెంకయ్యనాయుడు గారి కుమారుడు. వెంకయ్యగారంటే మద్రాసులో గెయిటీ థియేటరు కట్టి, మూకీలనాడే దక్షిణాదిన సినిమాకి పునాది వేసిన మనిషి. ఆయన పేరు మీదే 1980 నుంచి రాష్ట్ర ప్రభుత్వం చలనచిత్ర పురస్కారం పెట్టింది. కొడుకుని సినిమా విద్య నేర్చుకు రమ్మని ఇంగ్లండు పంపించాడాయన. ప్రకాశ్ తిరిగొచ్చి 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ అనే మూకీ తీశాడు.

ఇక్కడ ఒక తమాషా గమనించండి. పార్వతీశం చదువుకోసం సముద్రం దాటిన తెలుగు కుర్రవాడు. అతని కథని తెరకెక్కించినవాడూ చదువుకోసం సముద్రం దాటిన తెలుగు కుర్రవాడే. మొదటిసారి ఓడెక్కిన తెలుగువాడి తికమక ఎలా ఉంటుందో ఆయన ఎవర్నీ అడిగి తెలుసుకోనక్కర్లేదు. ఆ అనుభవం తెరమీద ఏ రూపంలో వచ్చిందన్నది నాబోటి వాళ్ళకి నిద్రపట్టనివ్వని ప్రశ్న.

పార్వతీశం వేషం వేసింది లంక సత్యం. కథానాయిక జి. వరలక్ష్మి, ఆమెకిది తొలి సినిమా. తర్వాత పన్నెండేళ్ళకి, 1952లో, విజయావారి ‘పెళ్ళిచేసి చూడు’లో ఎన్.టి. రామారావు సరసన మనందర్నీ నవ్వించిన వరలక్ష్మి గారే ఈవిడ. ‘పెళ్ళిచేసి చూడు’ ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఆవిడ మొదటి అడుగు వేసిన సినిమా మాత్రం నేను ఇంతవరకు ఏ టీవీలోనూ చూడలేదు, ఏ క్యాసెట్టు కొట్లోనూ, డిస్కుల కొట్లోనూ నాకు తగల్లేదు. సినిమా చూడకుండానే దానికోసం వెర్రెత్తడమంటే ఇదేనన్నమాట.

నవలుందిగా, సినిమా ఎందుకు?

ఇది సాహిత్యం చదువుకున్న మిత్రులు తప్పకుండా వేసే ప్రశ్న. నవల ఇంకా అచ్చులో ఉంది. కథ పోలేదు, మాట పోలేదు, చతురూ పోలేదు. ఎప్పటిదో ఆ నలుపు తెలుపు బొమ్మ లేకపోతే కొంపలేం మునిగాయి?

జవాబు చెబుతాను. పుస్తకం నవ్వు పుట్టే కారణాన్ని దాచిపెడుతుంది. సినిమా నవ్వునే దాచిపెడుతుంది. దొరసాని టోపీ నెత్తిన పెట్టుకున్న పార్వతీశాన్ని మొక్కపాటి వారు మాటల్లో చూపించారు. ఆ టోపీ పెట్టుకుని 1940 నాటి తెలుగు నటుడు మెడ ఏ వంపు తిప్పాడు, పంచె ఎలా సర్దుకున్నాడు, “ఏవండీ” అన్నప్పుడు ఆ దీర్ఘం ఎంత సాగదీశాడు? ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు. యాస, నడక, కన్నెగరేయడం, మాటకీ మాటకీ మధ్య ఆగడం — హాస్యంలో ముప్పాతిక భాగం ఇవే. అవి పోతే ఆ తరం నవ్విన పద్ధతి పోయినట్టే.

మా అరకు వైపు చిన్నప్పుడు సమాచార శాఖ వ్యాను వచ్చి, రెండు గుంజలకి తెల్లగుడ్డ కట్టి, పదహారు మిల్లీమీటర్ల బొమ్మ వేసేది. గుడ్డకి ఇటు కొందరు, అటు కొందరు కూర్చునేవారు. అటువైపు వాళ్ళకి అక్షరాలు తిరగబడి కనిపించేవి. చదువు రానివాళ్ళకి ఏ పక్కయినా ఒకటే! కువి మాట్లాడేవాళ్ళు, కోటియా మాట్లాడేవాళ్ళు, తెలుగు మాట్లాడేవాళ్ళు కలిసి కూర్చునే ఆ జనంలో మాట అందరికీ ఒకేలా అందేది కాదు. అయినా ఎవడైనా కాలుజారి పడ్డాడంటే నవ్వు గుడ్డకి రెండువైపులా ఒక్కసారే లేచేది. హాస్యానికి శరీరం ఎంత ముఖ్యమో నాకు అప్పుడే బోధపడింది. చాప్లిన్ మా కొండల్లో బోధపడ్డట్టు బారిస్టరు నవల బోధపడదు. అది చదువుకున్నవాడికే. ఆ నవలకి కాళ్ళూ చేతులూ తెచ్చిపెట్టేది సినిమా.

ఇంకో మాట. పార్వతీశం కథలో నవ్వు ఎక్కణ్ణించి వస్తుంది? కొత్తచోటికి వెళ్ళినవాడి అమాయకత్వంలోంచి. కొత్తవలస – కిరండూల్ రైలు మార్గం 1960ల చివర పూర్తయి అనంతగిరి కొండల్లోంచి బండి నడవడం మొదలయ్యాక, మా వైపు ఎంతమందో యాభైకి పైగా సొరంగాలున్న ఆ దారిలో మొదటిసారి రైలెక్కారు. సొరంగం రాగానే పగలే చీకటి పడ్డదని కంగారుపడ్డవాళ్ళు లేకపోలేదు. అంతెందుకు, కొండమీద ఊరునుంచి ట్రంకుపెట్టెతో దిగి, మన కాలేజీ హాస్టలు మెట్లెక్కిన మొదటిరోజు ఎవడి మొహం వాడు గుర్తుచేసుకుంటే చాలు. మొగల్తూరులో పుట్టినా, మా పాడేరులో పుట్టినా ఆ రోజు మనం అందరం పార్వతీశాలమే. అందుకే అతని సినిమా పోతే పోయిందిలే అనుకోవడానికి నాకు మనసొప్పదు.

పాత సినిమాలు ఎలా మాయమవుతాయి?

దీనికి ముందు రసాయనశాస్త్రం చెప్పాలి. సైన్సు విద్యార్థులు ఓర్చుకోండి, ఆర్ట్సు విద్యార్థులు శ్రద్ధగా వినండి.

1950ల మొదటి సంవత్సరాల దాకా సినిమాలకి వాడిన 35 మిల్లీమీటర్ల ఫిల్ము సెల్యులోజ్ నైట్రేట్ అనే పదార్థంతో చేసేవారు. తుపాకి మందుకి ఇది దగ్గర చుట్టం. అంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరదు, ఎందుకంటే మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. అంటుకోకపోయినా దానంతటదే క్షీణిస్తుంది. ముందు బొమ్మ వెలిసి పసుపు చాయకి తిరుగుతుంది. తర్వాత చుట్టలు జిగురుపట్టి ఒకదానికొకటి అతుక్కుంటాయి. పైన బుడగలు లేస్తాయి. ఆనక ముద్దకట్టి, చివరికి డబ్బాలో గోధుమరంగు పొడి మిగులుతుంది. పుణెలో నైట్రేటు ఫిల్ము దాచిన చోట 2003 జనవరిలో జరిగిన అగ్నిప్రమాదంలో మన దేశపు పాత సినిమాల రీళ్ళు ఎన్నో బూడిదైపోయాయి.

రెండో కారణం వెండి. మాటవరసకి వెండితెర అంటాం గాని, అసలు వెండి ఉండేది తెరమీద కాదు, ఫిల్ములో. నలుపు తెలుపు బొమ్మ అంటే సన్నని వెండి రేణువులే. ఆట అయిపోయిన ప్రింటుని దాచడానికి గది అద్దె ఇవ్వాలి, అమ్మితే వెండి కోసం కొనేవాడు డబ్బిస్తాడు. నిర్మాత ఏంచేస్తాడు? మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ (1931) ప్రింటు ఇవాళ ఎక్కడా లేదు. మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా లేదు.

మూడోది కేవలం హాస్యానికే పట్టిన గ్రహచారం. ఇది నా సొంత ఊహ, ఒప్పుకుంటే ఒప్పుకోండి. దేవుడి సినిమాకి పండగలున్నాయి. శివరాత్రి జాగరణకి రాత్రంతా ఆటలు వేసేవారు. ఏకాదశికీ, దసరాకీ పాత భక్తి చిత్రాల డబ్బాలు మళ్ళీ బయటికొచ్చేవి. అడిగేవాడుంటే పంపిణీదారు కొత్త ప్రింటు తీయిస్తాడు. కొత్త ప్రింటు తీయించేవాడు నెగటివుని చూసుకుంటాడు. మరి హాస్య చిత్రానికి ఏ తిథి ఉంది? నవ్వుకునే పండగ మన పంచాంగంలో లేదు. పైగా దాని విడుదలనాటికి రెండో ప్రపంచ యుద్ధం మొదలై ఉంది. ముడి ఫిల్ము కరువొచ్చి 1943లో రేషను దాకా వెళ్ళింది. ఉన్న ఫిల్ముతో కొత్త సినిమా తీసుకోవాలో, మూడేళ్ళనాటి నవ్వుల బొమ్మకి కొత్త ప్రింటు వేసుకోవాలో వేరే చెప్పక్కర్లేదు.

యూరపు కథలు రెండు

ఈ జబ్బు మనకొక్కరికే ఉందనుకుంటే పొరపాటు. సినిమా పుట్టిన ఫ్రాన్సు దేశంలోనే జార్జ్ మెలియెస్ అనే మహానుభావుడు ఐదువందలకి పైగా చిత్రాలు తీసి, దివాలా తీసి, 1923లో తన నెగటివులు తనే తగలబెట్టుకున్నాడు. ఇవాళ మనం వాటిలో రెండువందల దాకా చూడగలుగుతున్నామంటే, లోకంలో అక్కడక్కడా ఎవరెవరో దాచిన ప్రింట్ల పుణ్యమే.

అదే దేశంలో మాక్స్ లిండర్ అని ఒక హాస్యనటుడుండేవాడు. సిల్కు టోపీ, చేతికర్ర, షోకిలా వేషం. 1905 నుంచి పాథే కంపెనీకి చిన్నచిన్న చిత్రాలు తీసి, లోకమంతా పేరు తెచ్చుకున్నాడు. చాప్లిన్ అతణ్ణి గురువని చెప్పుకున్నాడు. 1925లో ఆ దంపతులిద్దరూ ప్రాణాలు తీసుకున్నారు. అప్పటికి రెండేళ్ళయినా నిండని కూతురు మోద్ మిగిలింది. తండ్రి మొహం ఎరగని ఆ పిల్ల పెద్దదై, ఆయన సినిమాలు ఎక్కడెక్కడున్నాయో వెతికి పోగుచెయ్యడమే జీవితం చేసుకుంది. దొరికినవాటిని కూర్చి 1963లో ఒక చిత్రం, 1983లో ఆయన మీద ఒక డాక్యుమెంటరీ తయారుచేసింది. సేకరణ అంటే డబ్బున్నవాళ్ళ సరదా అనుకునేవాళ్ళకి నేనెప్పుడూ ఈమె కథ చెబుతాను. తండ్రి నవ్వు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి కూతురు చేసిన సేకరణ అది.

రెండో కథ జాక్ తాతీది. ఆయన మొదటి పెద్ద చిత్రం పేరుకి అర్థం ‘పండగ రోజు’. ఒక పల్లెటూరి తిరనాళ్ళకి డేరా సినిమా వస్తుంది. అమెరికాలో తపాలావాళ్ళు ఎంత వేగంగా పనిచేస్తారో ఆ డేరాలో చూసిన ఊరి పోస్టుమాన్, తనూ అంత వేగంగా ఉత్తరాలు పంచాలని సైకిలెక్కి నానా అవస్థలూ పడతాడు. మా ఏజెన్సీలో గుట్టలెక్కి దిగుతూ ఉత్తరాలు మోసినవాళ్ళని ఎరిగినవాడికి ఆ సినిమా మరీ దగ్గరగా అనిపిస్తుంది. తాతీ పేరు చెప్పగానే అందరూ ఆయన తర్వాత తీసిన ‘హ్యూలో’ చిత్రాల గురించే మాట్లాడతారు. ఇది కొంచెం వెనకబడిపోయింది.

సేకరించేవాళ్ళకి మాత్రం ఇది బంగారుగని. ఎందుకో వినండి. 1947లో తాతీ దీన్ని థామ్సన్ కలర్ అనే కొత్త రంగుల పద్ధతిలో తీశాడు. ఎందుకైనా మంచిదని పక్కన మరో కెమెరా పెట్టి నలుపు తెలుపులో కూడా తీసి ఉంచాడు. రంగుల ఫిల్మునుంచి ప్రింటు తీయడం ఎవరివల్లా కాలేదు. 1949లో విడుదలైంది నలుపు తెలుపుదే. 1964లో ఆయనే దానికి అక్కడక్కడా రంగు అద్ది, కొత్త దృశ్యాలు చేర్చి మళ్ళీ వదిలాడు. ఆయన పోయాక కూతురు సోఫీ, ఫ్రాన్స్వా ఎద్ అనే ఛాయాగ్రాహకుడితో కలిసి ఆ మూలపడ్డ రంగుల నెగటివుని బాగుచేయించి 1995లో జనానికి చూపించింది. ఒక్క సినిమాకి మూడు రూపాలు! దాదాపు యాభయ్యేళ్ళు డబ్బాలో కూర్చున్న రంగులు, ఎవరూ పారెయ్యలేదు కాబట్టే లేచొచ్చాయి.

ఈ కథలో నాకు నచ్చిన నీతి ఒక్కటే. ఇవాళ పనికిరాదనుకున్నది రేపటి యంత్రానికి పనికిరావచ్చు. పారెయ్యకుండా ఉంచడమే సగం పునరుద్ధరణ.

సినిమా లేనప్పుడు ఏం సేకరిస్తారు?

ఇప్పుడు మన ఊరికొద్దాం. ప్రింటు చేతికి రాని సినిమా విషయంలో సేకరించేవాడి పని పోలీసు దర్యాప్తు లాంటిది. శవం దొరకలేదు, ఆధారాలు వెతకాలి.

మొదటి ఆధారం పాటల పుస్తకం. ఆ రోజుల్లో సినిమా హాల్లో అణా, అర్ధణాకి అమ్మేవారు. పల్చటి కాగితం మీద కొద్ది పేజీలు. అట్టమీద బొమ్మ, లోపల తారాగణం, కథాసంగ్రహం, పాటలు. కథ మంచి పట్టుమీద ఉండగా ఆపేసి, మిగతాది వెండితెరమీద చూడమనేవారు. పోయిన సినిమాల విషయంలో ఆ మాట చదివితే ప్రాణం ఉసూరుమంటుంది. వెండితెర మీద చూద్దామంటే వెండి ఎప్పుడో కరిగిపోయింది!

రెండోది గ్రామఫోను రికార్డు. 78 ఆర్.పి.ఎం. పళ్ళెం ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలు. సినిమా పోయినా గొంతు మిగిలేది దీనిలోనే. చెన్నైలో వి.ఎ.కె. రంగారావు గారు వేలకొద్దీ ఇలాంటి రికార్డులు పోగుచేసి, ఎన్నో పాటలకి పాడినవాళ్ళ పేర్లు తేల్చిన సంగతి సంగీతం మిత్రులకి తెలుసు. ఆయనా మన ఉత్తరాంధ్ర జమీందారీ కుటుంబీకులే.

మూడోది పాత పత్రికల్లో ప్రకటనలు. వీటి విలువకి ఒక ఉదాహరణ. ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని మనం దశాబ్దాలపాటు చెప్పుకున్నాం. జర్నలిస్టు రెంటాల జయదేవ పాత కాగితాలు తవ్వి, అసలు విడుదల 1932 ఫిబ్రవరి 6న అని తేల్చారు. సినిమా లేదు, తీసినవాళ్ళు లేరు, అయినా పాత కాగితం నోరువిప్పి సాక్ష్యం చెప్పింది. ఇప్పుడు మనం తెలుగు సినిమా దినోత్సవం అనుకునే తేదీ ఆ కాగితాల భిక్షే.

నాలుగోది, అన్నిటికన్నా అరుదైనది, ఫిల్ము ముక్క. ఎక్కడో ఒక డబ్బా దొరికిందనుకోండి. దానిమీద చీటీ ఉండకపోవచ్చు, ఉన్నా నమ్మకూడదు. సేకరించేవాడు ముందు అంచు చూస్తాడు. ‘సేఫ్టీ’ అని అచ్చయి ఉంటే అది మండని రకం. ‘నైట్రేట్’ అని ఉంటే అగ్గిపుల్ల దూరంగా పెట్టాలి. కోడక్ ఫిల్ము అయితే అంచున చిన్న గుండ్రం, చతురస్రం, త్రికోణం గుర్తులుంటాయి. వాటిని పట్టి ఫిల్ము తయారైన సంవత్సరం చెప్పొచ్చు. ఆ గుర్తులు ఇరవయ్యేళ్ళకోసారి మళ్ళీ వస్తాయి కాబట్టి నటుల వయసూ, దుస్తులూ చూసి సరిచూసుకోవాలి. తర్వాత పొడుగు కొలవాలి. 35 మిల్లీమీటర్ల టాకీ నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలు అంటే పదకొండు నిమిషాలు. అదే పదహారు మిల్లీమీటర్లలో నిమిషానికి 36 అడుగులు చాలు.

ఇవన్నీ ఎందుకంటే, 2015లో అమెరికాలో ఒక సేకర్త తన దగ్గరికొచ్చిన పాత రీళ్ళలో లారెల్ – హార్డీల ‘బాటిల్ ఆఫ్ ది సెంచరీ’ (1927) రెండో రీలు గుర్తుపట్టాడు. అది పూర్తిగా ఎవరి దగ్గరా లేదనుకుని దశాబ్దాలు గడిచిపోయాయి. గుర్తుపట్టే కన్ను లేకపోతే అది మరో పాత డబ్బా, అంతే.

చలి చుట్టమే, తడి శత్రువు

అరకు చల్లగా ఉంటుంది కాబట్టి సినిమాలు దాచడానికి మంచి చోటని ఒక మిత్రుడు వాదించాడు. సగం నిజం. చలి ఫిల్ముకి ఆయుష్షు పోస్తుంది. తడి ఆ ఆయుష్షుని తోడేస్తుంది. మా వైపు వానాకాలమంతా మంచూ ముసురూ కలిసి, పెట్టెలో బట్టలకే బూజు పడుతుంది. ఫిల్ము మీద వెండిని పట్టి ఉంచే జిగురు జెలటిన్, అంటే జంతువుల ఎముకలనుంచీ చర్మాలనుంచీ తీసిన పదార్థం. బూజుకి అది విందుభోజనం.

మా కాఫీ రైతులకి ఈ సంగతి చెబితే చిటికెలో అర్థమవుతుంది. గింజలో తేమ పది పదకొండు శాతానికి దిగేదాకా ఎండబెట్టాలి, లేకపోతే సరుకు పాడు. ఫిల్ముకీ అంతే, గాలిలో తేమ ముప్పైకీ యాభైకీ మధ్య ఉంటే క్షేమం. నైట్రేటు తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ము మండదు గాని, తడీ వేడీ కలిస్తే పులిసి వెనిగర్ వాసన కొడుతుంది. ఒక డబ్బా పులిస్తే పక్క డబ్బాకీ ఆ జబ్బు అంటుతుంది. రంగుల సినిమాల సంగతి మరీ కష్టం. నలుపు తెలుపు బొమ్మ వెండిది కాబట్టి నిలుస్తుంది. ఆనాటి ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో నీలం, ఆకుపచ్చ ముందుగా వెలిసిపోయి అంతా గులాబీరంగు మిగులుతుంది. మన విశాఖ సముద్రతీరాన జంధ్యాల తీసిన ‘నాలుగు స్తంభాలాట’ (1982), ‘శ్రీవారికి ప్రేమలేఖ’ (1984), ‘చంటబ్బాయ్’ (1986) ఇవాళ ఫోనులో నొక్కితే వస్తున్నాయని ధీమాగా ఉన్నాం. ఫోనులో వచ్చేది నకలు. అసలు చెడితే నకలుకి అక్కడితోనే ఎదుగుదల ఆగిపోతుంది.

సేకర్తలూ, మనమూ

సేకర్తలందరూ దేవుళ్ళని నేననను. దొరికినదాన్ని పదిమందికీ చూపించకుండా, లంకెబిందెలమీద కూర్చున్న పాములా బుసకొట్టేవాళ్ళూ ఉన్నారు. ఒక పాటల పుస్తకం ఇంకొకడి దగ్గర లేదన్న ఆనందం తప్ప, అందులో ఏముందో చదవనివాళ్ళనీ చూశాను. నా ఉద్దేశంలో దాచడం సగం పని, చూపించడం మిగతా సగం. రెండోది చెయ్యనివాడు సేకర్త కాడు, గోదాము యజమాని.

అలాంటివాళ్ళు కొందరు “కాపీరైటు ఇబ్బందులండీ” అంటారు. మన చట్టం ప్రకారం సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు. ఆ లెక్కన 1940 నాటి సినిమా మీద హక్కు 2000 సంవత్సరంతోనే తీరిపోయింది. నవల హక్కు వేరే సంగతి, రచయిత తదనంతరం 60 ఏళ్ళు లెక్కపెట్టాలి. కాబట్టి 1940 నాటి ఒక పాటల పుస్తకాన్నో, ఒక రీలునో పరిశోధకులకి చూపించడానికి భయపడే కారణం నాకు కనిపించదు.

పుణెలో జాతీయ ఫిల్ము ఆర్కైవు 1964లో మొదలైంది. పి.కె. నాయర్ అనే ఒక్క మనిషి దేశమంతా తిరిగి, గోడౌన్లూ చావిళ్ళూ గాలించి దాన్ని నింపాడు. ఆయన మీద ‘సెల్యులాయిడ్ మాన్’ (2012) అనే డాక్యుమెంటరీ వచ్చింది. దాన్ని తీసిన శివేంద్ర సింగ్ దుంగార్పూర్ పెట్టిన ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్, 2019 డిసెంబరులో హైదరాబాదులోనే ఫిల్ము పరిరక్షణ శిక్షణ శిబిరం నడిపింది. అంటే దొరికిన డబ్బాని ఏంచెయ్యాలో తెలిసినవాళ్ళు ఇప్పుడు మన దేశంలో ఉన్నారు. లేనిది డబ్బా ఎక్కడుందో చెప్పేవాళ్ళే.

ఆ పని మనది. ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థుల్లో ఎందరి తాతలో కాకినాడ, రాజమండ్రి, విజయనగరం, విశాఖ హాళ్ళలో 1940లో అణా పెట్టి నవ్వుకునుంటారు. అటకమీద ట్రంకుపెట్టెల్లో, పాత పంచాంగాల మధ్య, జమాఖర్చు పుస్తకాల అట్టల కింద చూడండి. పాటల పుస్తకం దొరికితే ఇస్త్రీపెట్టె పెట్టకండి, అంటుకాగితం అంటించకండి, లామినేషను అసలొద్దు. ఫోటో తీసి, మెత్తని కాగితంలో చుట్టి, పొడిచోట పెట్టండి. ఫిల్ము డబ్బా దొరికితే ఇంట్లో తెరిచి లాగి చూడకండి, ఎండలో పెట్టకండి, వంటింటి దగ్గర అసలు ఉంచకండి. వాసన చూసి, డబ్బామీద రాత ఉంటే ఫోటో తీసి, తెలిసినవాళ్ళకి కబురంపండి. కాగితాల మటుకు మన కాలేజీ గ్రంథాలయంలో ఒక బీరువా, ఒక రిజిస్టరు చాలు. విద్యార్థి సంఘం తలుచుకుంటే అది పెద్ద ఖర్చు కాదు. వార్షికోత్సవంలో ఒక్క ఆర్కెస్ట్రా తగ్గిస్తే సరిపోతుంది, ఏమంటారు?

విద్యార్థి మిత్రులకి మరో పని. మీ ఇంట్లో తొంభై దాటిన పెద్దవాళ్ళెవరైనా ఉంటే పక్కన కూర్చుని, చిన్నప్పుడు చూసిన నవ్వుల సినిమా ఏమిటని అడగండి. కథ చెప్పమనకండి. ఎలా నడిచాడో, ఎలా మాట్లాడాడో చేసి చూపించమనండి. దాన్ని ఫోనులో రికార్డు చెయ్యండి. ప్రింటు దొరికినా దొరక్కపోయినా, ఆ నవ్వుని కళ్ళారా చూసినవాళ్ళు మనకోసం ఇంకా ఎంతోకాలం కూర్చుని ఉండరు.